ఎదురింటి కుండ

నమోదు 1. పుష్యం, దశమి. పొద్దుటి పోటు.

నా పేరు సూరాడ పెంటమ్మ. వయసు డెబ్బై ఆరు, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. భర్త కామయ్య తొమ్మిదేళ్ల కిందట పోయాడు. కడుపున పుట్టినవాళ్లు లేరు. నడిమిగట్టు వరసలో పడమటి కొసన, పద్నాలుగు సిమెంటు కాళ్ల మీద నీళ్లలో నిలబడ్డ ఇల్లు నాది. ఇంట్లో మనుషులు ఒకరు. ఆ ఒకరూ నేనే.

నాకు చదువు రాదు. గట్ల కచేరీ వాళ్లు పంపిన రాతపెట్టె ఎదురుగా పెట్టుకుని చెబుతున్నాను, అది రాస్తోంది. నా మాటను పుస్తకాల భాషలోకి సర్దుతానంది. సర్దుకోమన్నాను. ఎవరైనా ఏదైనా అన్నారని నేను చెప్పినచోట మాత్రం వాళ్ల నోట వచ్చినట్టే ఉంచమన్నాను. ఎదురింటి దాలమ్మ మాటను సర్దితే కచేరీ వాళ్లు ఇంకెవరో అనుకుంటారు.

నా పేర రెండు కాగితాలు వచ్చాయి. నా ఇంటిని పిలుపు పట్టీలోంచి తీసేశామని ఒకటి. ఎదురింటి బడే దాలమ్మ ఇంటి తాళం పగలగొట్టానని ఒకటి. మొదటిదాని మీద నేను ఫిర్యాదు చేస్తున్నాను. రెండోదానికి జవాబు చెబుతున్నాను. పౌర్ణమి నాడు పోస్టు పడవ వచ్చి పెట్టెను తీసుకుపోతుంది. ఆలోపు రోజుకు కొంత చెబుతాను. ఒక్కసారే చెప్పడానికి నాకు ఊపిరి చాలదు, పనీ ఆగదు.

పట్టీ సంగతి కచేరీలో కూర్చున్నవాళ్లకు తెలుసు గానీ, అది మాకు ఏమిటో వాళ్లకు తెలియదు. వరస మధ్యన ఇనుప స్తంభం ఉంది. గాలివాన పుట్టిందంటే అది ఇళ్లను పేరు పెట్టి పిలుస్తుంది. జంటలుగా పిలుస్తుంది. 'సూరాడవారూ, బడేవారూ' అని పిలిస్తే ఎదురెదురు ఇళ్లలో మేమిద్దరం గంటలు కొట్టాలి. రెండు గంటలూ వినబడితే పడవ వచ్చి మా మెట్ల దగ్గర ఆగుతుంది. ఒక్క గంటే వినబడితే మూడుసార్లు పిలిచి చూస్తుంది. తర్వాత ఆ జంట పట్టీలో ఉండదు. పట్టీలో లేని ఇంటికి కాగితం పంపి, ఆ తర్వాత వచ్చే వేసవిలో కాళ్లను కోసేస్తారు, గాలికి కూలి వేరేవాళ్ల మీద పడకుండా.

దాలమ్మ వెళ్లిపోయింది. నేను ఉన్నాను. స్తంభం నన్ను పిలవక పద్నాలుగు నెలలైంది.

నా ఇంటిని ఇల్లుగా రాయాలి. నేను కోరేది అదే. మిగతాదంతా అది ఎందుకో చెప్పడానికి.

నమోదు 2. ఏకాదశి. మధ్యాహ్నం.

పొద్దున పైకప్పు తాళ్లు తడిమి చూశాను. ఉత్తరం వైపు తాడు పీచు లేచింది, మార్చాను. వాన నీళ్ల తొట్టి మూత బిగించాను. పాచి తాళ్లు మూడు వరసలు కడిగి ఆరేశాను. సముద్రపు పాచి పెంచడమే మా పని. ఉప్పు మడులు మునిగిపోయాక ఇక్కడ మిగిలిన పంట అదొక్కటే.

ఆపద కాలానికి ఇల్లు ఎలా సర్దుకోవాలో కచేరీ వాళ్లు ఏటా బొమ్మల కాగితం పంపుతారు. అందులో మొగుడూ పెళ్లామూ ఇద్దరు పిల్లలూ పెట్టె ముందు కూర్చుని నవ్వుతుంటారు. పెట్టెలో నీళ్లు, తిండి, దీపం, మందులు. పెట్టె వాళ్లింట్లోనే ఉంటుంది. ఆ బొమ్మ గీసినవాడు ఎప్పుడూ నీళ్లలో పడలేదు. ఇల్లు కొట్టుకుపోతే పెట్టె కూడా కొట్టుకుపోతుంది గదా.

మా గట్టు మీద కుండ ఎదురింట్లో ఉంటుంది. కుండ అంటే ఇప్పుడు నీలం రంగు డ్రమ్ము, నడుము ఎత్తుంటుంది. పేరు మాత్రం పాతదే. నా కుండ దాలమ్మ ఇంట్లో, దాలమ్మ కుండ నా ఇంట్లో. నా ఇల్లు పోతే ఈదుకుంటూ వాళ్లింటికి పోతాను, నా తిండి నాకు అక్కడ ఉంటుంది. ఒకరి మీద పడి తిన్నట్టు ఉండదు. వాళ్లిల్లు పోతే వాళ్లు నా దగ్గరికి. ప్రతి అమావాస్యకూ ఎవరి కుండ వాళ్లు వెళ్లి తెరుచుకుంటాం. పాత అటుకులు, బెల్లం, ఎండుచేపలు బయటికి తీసి, రెండిళ్ల వాళ్లం కలిసి అక్కడే తినేస్తాం. కొత్తవి పెడతాం. నీళ్ల డబ్బాలు మారుస్తాం. అగ్గిపెట్టె, దుప్పటి, పుండు మీద చల్లే పొడి, ఎండకు వేసి మళ్లీ లోపల పెడతాం. మూత మీద ఇంటి గుర్తు గీసి మైనం పూస్తాం.

ఎదురింటి కుండను ఇంకొకరు తెరవకూడదు. పసిపిల్లలకు కూడా తెలుసు. తెరిచారంటే ఆ ఇంటివాళ్లు ఇక రారని అర్థం. మనిషి పోయినప్పుడు పదకొండో రోజున ఎదురింటి ఆడది తన దగ్గరున్న ఆ కుండ తెరుస్తుంది. కామయ్య పోయినప్పుడు అతని వంతు దుప్పటీ, అతని చుట్టల డబ్బా దాలమ్మే తీసి నా చేతిలో పెట్టింది.

కుండ వెనక్కి అడగడం కూడా అలాంటిదే. 'నా కుండ నాకిచ్చెయ్' అంటే ఇక నీకూ నాకూ సరి అన్నట్టు. మా వరసలో అలా అడిగిన ఇల్లు ఒక్కటే నాకు గుర్తు, వాళ్లు అన్నదమ్ములు.

నా కుండ నా ఇంట్లోనే పెట్టుకోవచ్చు గదా అని రాతపెట్టె అడిగింది. పెట్టుకోవచ్చు. నడివీధిలో ఒక్కదాన్నే కూర్చుని అన్నం తినొచ్చు కూడా. ఎవరు వద్దంటారు.

నమోదు 3. ద్వాదశి.

దాలమ్మ వెళ్లిన రోజు చెబుతాను.

దాలమ్మ నాకంటే ఆరేళ్లు చిన్నది. చుట్టరికం లేదు, నలభై ఒక్క ఏళ్లు ఎదురిల్లు. రెండిళ్ల మధ్య కప్పీ మీద తాడు ఒకటి తిరుగుతుంది, దానికి బకెట్టు. ఇటునుంచి పులుసు అటు, అటునుంచి తిట్లు ఇటు. దాని మోకాళ్లు చెడ్డాయి. నిచ్చెన ఎక్కలేక రెండుసార్లు నీళ్లలో పడింది. మెట్ట కాలనీలో మూడో అంతస్తులో గది ఇచ్చారు. అక్కడ ఎవరి కుండా ఎవరింట్లోనూ ఉండదు. కింద గోదాములో అందరి సరుకూ ఒక్కచోట ఉంటుందట, యంత్రం పంచుతుందట.

పోయిన ఏడాది కార్తీకంలో పడవ వచ్చింది. దాలమ్మ సామాన్లు దింపుకుంటోంది. నేను నా అరుగు మీద పాచి తాళ్లు ముడేస్తూ కూర్చున్నాను.

"వదినా, ఇటు సూడవేటి" అంది.

"సూత్తన్నాను. సేతులు తాల్ల మీదున్నాయి గానీ కల్లు నీ మీదే ఉన్నాయి. ఆ ఇత్తడి బిందె ఒంపుగా ఎట్టినావు, పడవ ఒరుగుతాది."

"రారాదేటే నువ్వూ. గదిలో మంచం రెండో దానికి జాగా ఉంది."

"నీ గురకకి ఈ నీల్లు అడ్డముంటేనే నాకు నిద్దర నేదు. ఒకే గదిలోనా."

నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మరి నా కుండ" అంది.

అప్పుడు నా లోపల ఏదో పొగరు లేచింది. అడిగితే దాలమ్మే అడగాలని కూర్చున్నాను. తీసుకుపోతానంటే ఇచ్చేస్తాను, పోనీ. అదే మాట అన్నాను. "పట్టుకుపో. మైనం కూడా ఆరలేదు."

దాలమ్మ బకెట్టు తాడు పట్టుకుంది. "ఉండనీయే. నా కుండ నీ కాడుంటే నానింకా ఇక్కడిదాన్నే" అంది.

నేను నా కుండ అడగలేదు. అది ఇస్తాననలేదు. ఇంటికి కచేరీ వాళ్ల తాళం పడింది, ముట్టుకుంటే కచేరీలో మోగే తాళం. పడవ కదిలింది. బిందె ఒంపుగానే ఉంది.

ఆ రోజు నుంచి పదకొండు నెలలు నా ఆపద తిండి దాలమ్మ ఇంట్లో తాళం వెనక ఉంది. నా ఇంట్లో ఉన్నది దాలమ్మది. ప్రతి అమావాస్యకూ దాని కుండ తుడిచి, మైనం చూసి, మళ్లీ మూలన పెట్టాను. తెరవలేదు. దాలమ్మ రాలేదు, మోకాళ్లు అలాంటివి. నేను కబురు పెట్టలేదు.

వరసలో ఇరవై రెండు జంటల ఇళ్లుండేవి. ఇప్పుడు తూర్పు కొసన మూడు జంటలున్నాయి, నా కేక అందనంత దూరం. ఎవరి ఎదురు వాళ్లకు ఉంది. నాకు జత కావడానికి ఎవరూ మిగల్లేదు. సాయంత్రం దీపం పెట్టి గంట ఒకసారి కొడతాను. అలవాటు అంతే. రాతపెట్టె దాన్ని కూడా రాసుకుంది, ఎందుకో మరి.

నమోదు 4. త్రయోదశి. ఆటు వేళ.

ఆశ్వయుజంలో వచ్చిన గాలివాన సంగతి.

ముందురోజు సముద్రం నూనె పోసినట్టు పడుకుంది. కాకులు మెట్టవైపు పోయాయి. మధ్యాహ్నం స్తంభం పిలవడం మొదలెట్టింది. తూర్పు కొస ఇళ్లు పిలిచింది. గంటలు వినిపించాయి. నేను తలుపు దగ్గర గంట తాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మూడు జంటలూ అయిపోయాయి. నా గంట కొట్టాను. స్తంభం ఊరుకుంది.

పడవ వచ్చింది. మనిషి లేని పడవ అది, పట్టీ చూసుకుని తనే తిరుగుతుంది. ఆరిళ్ల వాళ్లనీ ఎక్కించుకుని నా మెట్ల ముందునుంచే పోయింది. పడవలోని ఆడవాళ్లు అరిచారు, ఒకామె ముందున్న చక్రాన్ని గుద్దింది కూడా. ఆగలేదు.

నేను ఇంట్లోకి వచ్చి పని చూసుకున్నాను. కప్పు మీద అడ్డతాళ్లు నాలుగు వేశాను. తడిక తలుపు తీసి చెక్క తలుపు బిగించాను. పొయ్యి ఆర్పి బూడిద తడిపాను. ఖాళీ డబ్బాల తెప్పను వాకిట్లో కట్టుకున్నాను. తాగే నీళ్లు బిందెడు లోపల పెట్టాను. ఒక్క మనిషికి నాలుగు రోజులకు సరిపోతాయి.

మర్నాడు మధ్యాహ్నం గాలివాన మా మీద పడింది. ఆ గాలిలో ఎవరో నా ఇంటి కాళ్లను పట్టుకుని కేకేశారు. పాచి తాళ్లను నీళ్ల మీద తేల్చే బెండ్లు బాగుచేసే మనిషి, పేరు కారి తాతారావు, నలభై ఏళ్లుంటాయి. పడవ యంత్రం ఆగిపోయి కొట్టుకొచ్చాడు. నా ఇంటి కాలికున్న ఇనుప చువ్వ అతని ఎడమ పాదంలో దిగింది. తాడు వేసి పైకి లాగాను. ఎలా లాగానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

తొట్టి మూత గాలికి ఎగిరి, కెరటం పడి నీళ్లు ఉప్పైపోయాయి. బిందెలో నీళ్లు ఇద్దరం తాగాం, అతని కాలు కడిగాం. రాత్రి గడిచేసరికి బిందె అడుగంటింది. ఆ పొద్దున పడవ రెండో చుట్టు వచ్చింది. మళ్లీ నా ఇంటిని దాటి పోయింది. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం గాలి తెరిపిచ్చాక తెప్ప మీద పడుకుని, బకెట్టు తాడు పట్టుకుని దాలమ్మ ఇంటికి పోయాను. పాచి తాళ్లు తిప్పే గునపంతో తాళం పగలగొట్టాను. నా కుండ కోసం. నాదే, దొంగతనం కాదు. రెండో కాగితానికి నా జవాబు ఇది.

తాతారావు బతికాడు. నాలుగో రోజు కచేరీ పడవ అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

ఇంతవరకు చెప్పాక రాతపెట్టె ఒక మాట చెప్పింది. తాతారావు అప్పుడే కచేరీలో వాంగ్మూలం ఇచ్చాడట. పెంటమ్మ నీళ్లూ మందూ ఇచ్చి నా ప్రాణం నిలబెట్టిందని, అలాంటి ఇల్లు పట్టీలో ఉంటే నీళ్ల మీద తిరిగేవాళ్లకు ఆసరా అని చెప్పాడట. నా ఫిర్యాదుకు అంతకంటే బలం ఉండదంది. మరి ఒక్క ప్రశ్న: మీ ఇంట్లో దాలమ్మ గారి కుండ ఉండగా తాళం పగలగొట్టవలసిన అవసరం ఏమిటి అని అడిగింది.

ఇవాళ్టికి చాలన్నాను. మూత వేశాను.

నమోదు 5. చతుర్దశి.

నిన్న చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మధ్యలో రోజున్నర లేదు.

బిందె అయిపోయింది రెండో రోజు పొద్దున. తాతారావు పాదం అప్పటికే కుండలా ఉబ్బింది. ఒళ్లు కాలిపోతోంది. మూలన దాలమ్మ కుండ ఉంది, అతని చాపకు రెండు బారల దూరం. అందులో నీళ్ల డబ్బాలు నాలుగు. పుండు పొడి పొట్లం. ఆ పొడి దాలమ్మ పెడుతుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. ఎక్కడ పెట్టిందో కూడా తెలుసు, దుప్పటి మడతలో.

"మామ్మా, ఆ డ్రమ్ములో ఏటుంది" అన్నాడు.

"అది నాది కాదు నాయినా."

"మరెవుల్ది."

"దాలమ్మది. ఎదురింటామె."

"ఆవిడెక్కడుంది."

"మెట్ట మీద. మూడో అంతస్తు."

"మెట్ట మీదున్న మనిసికి ఈ నీల్లతో పనేటి మామ్మా. ఒక్క గుక్కియ్యి. ఆవిడకి నాను సెప్పుకుంటాను."

నేను ఇవ్వలేదు. ఓర్చుకో, గాలి తగ్గగానే నా కుండ తెస్తానన్నాను. అతను మా గట్టు మనిషి కాదు. అతనికి డ్రమ్ము కనబడుతోంది. నాకు కనబడుతున్నది వేరు. ఆ మైనం మీద గోరు పెట్టానంటే దాలమ్మ ఇక రాదు. నలభై ఒక్క ఏళ్లకు పదకొండో రోజు నా చేత్తో చేసినట్టే. ఎదురిల్లు ఖాళీ అని నా ఇల్లు నా నోటితో ఒప్పుకున్నట్టే.

తడిబట్ట పిండి అతని పెదాల మీద పెట్టాను. అది వాన నీరు, సగం ఉప్పు. మరోసారి కూడా అడిగాడు. రెండుసార్లు అడిగాడు. మూడో రోజు పొద్దెక్కేసరికి అడగడం మానేశాడు. ఎవరో కూతుర్ని పిలుచుకుంటున్నాడు.

గాలి తగ్గాక దాలమ్మ ఇంటికి పోయానన్నానే, అక్కడ నా కుండ తెరిచాను. రేకు కప్పు కింద ఏడాది ఎండ తిన్న డబ్బాలు పగిలి, నీళ్లు ఇంకిపోయి, అటుకులు ముద్దగట్టి పురుగు పట్టాయి. పొడి పొట్లం తడిసి రాయైంది. మార్చే మనిషి లేని కుండ ఎలా ఉంటుందో నాకు తెలియదా. డెబ్బై ఆరేళ్లు వచ్చాయి. తెలిసే పోయాను. తాళం పగలగొట్టడం సులువు, మైనం పగలగొట్టడం కంటే.

పొద్దు వాలుతుండగా వెనక్కి వచ్చి దాలమ్మ కుండ తెరిచాను. నీళ్లు బాగానే ఉన్నాయి. నీడపట్టున ఉన్న కుండ. అతనికి తాగించాను, కాలు కడిగాను, పొడి చల్లాను. ఆ రాత్రికి జ్వరం కాస్త దిగింది. పాదం మాత్రం నల్లబడిపోయింది. మెట్ట ఆసుపత్రిలో చీలమండ దగ్గర తీసేశారు. మొదటి రోజే పొడి పడి ఉంటే పాదం నిలిచేదని అక్కడి నర్సు అందట. నాతో కాదు, అతనితో. పోస్టు పడవ నడిపే సరంగు విని నాకు చెప్పాడు.

రాతపెట్టె ఇవన్నీ రాసుకుంది. తర్వాత, 'ఈ నమోదు మీ ఫిర్యాదుకు నష్టం చేయవచ్చు, తొలగించమంటారా' అని అడిగింది.

"నీ పేరేటి" అన్నాను.

పేరు లేదంది.

"పేరు నేనిదానివి, నీకు పోయేదేటీ నేదు. రాసింది రాసినట్టుంచు" అన్నాను.

కచేరీ వాళ్లు ఒక మాట వినాలి. రెండో రోజు పొద్దున మీ పడవ నా మెట్ల దగ్గర ఆగి ఉంటే ఆ మనిషి పాదం ఉండేది. అది మీ తప్పు. కుండ నా తప్పు. రెండిటినీ వేరువేరు కాగితాల మీద రాసుకోండి. మీది చూపించి నాది కప్పుకోను. నాది చూపించి మీరూ కప్పుకోవద్దు.

నమోదు 6. పౌర్ణమి. పోటు.

సాక్షులు ఇద్దరు కావాలంది పెట్టె. ఈ సంగతులు ఎరిగినవాళ్లు ఇద్దరే. పెట్టె చేతే ఇద్దరికీ కబురు పెట్టించాను. పొద్దున్నే పోస్టు పడవలో వచ్చారు.

దాలమ్మను బకెట్టు కప్పీతోనే పైకి లాగాల్సి వచ్చింది, సరంగూ నేనూ కలిసి. "బరువెక్కినావే" అన్నాను. "మెట్ట కూడు. పనేటుంది, తిని కూకోడమే" అంది. తాతారావు చేతి కర్రలతో తనే నిచ్చెన ఎక్కాడు. సాయం పడతానంటే వద్దన్నాడు.

దాలమ్మ మూలనున్న తన కుండ దగ్గరికి పోయి మూత ఎత్తి చూసింది. సగం ఖాళీ. నేను తలవంచుకుని కూర్చున్నాను.

"తాలం ఇరగ్గొట్టినావని కబురొస్తే నవ్వుకున్నాను వదినా" అంది. "తాలం ఎదవది, పోతే పోయింది. కానీ నా కుండ నీ కాల్ల కాడుండగా, ఆ గాలిలో తెప్పెక్కి ఆ ఇంటికి ఎల్తావా. నన్ను ఎప్పుడు అంత పరాయిదాన్ని సేసినావు."

"తెరిస్తే నువ్వు ఎల్లిపోయినట్టేనే."

"ఎల్లిపోయేను గదే. పడవెక్కి, సామానెట్టుకుని, నీ కల్ల ముందే ఎల్లిపోయేను. ఊరందరికీ తెలుసు. నీకొక్కదానికే తెల్దు."

నేను లేచి దాలమ్మకు పళ్లెం అందించాను. కుండలో మిగిలిన అటుకులు, బెల్లం తీసి పళ్లెంలో పెట్టింది. బెల్లం గట్టిపడి దాని పళ్లకు లొంగలేదు. నేను రోకలితో చితక్కొట్టి ఇచ్చాను. తిన్నాం. తాతారావుకు పళ్లెం జరిపితే ముట్టుకోలేదు. దాలమ్మ ఖాళీ డ్రమ్మును తడిగుడ్డతో తుడిచి పడవలోకి దింపించింది. మళ్లీ నింపుతానని అనలేదు. నేనూ అడగలేదు.

అప్పుడు తాతారావు ఎదుట కూర్చున్నాను.

"నాయినా, ఆ డ్రమ్ములో పుండు పొడుంది. ఉందని నాకు తెలుసు" అన్నాను.

"తెలుసు మామ్మా."

"ఏటి తెలుసు."

"బెండ్ల పనికి పదేల్లుగా మీ గట్ల మీద తిరుగుతున్నాను. కుండలో పొడుంటాదని నాకు తెల్దా. అందుకే అడిగేను."

"మరి కచేరీలో అలగ ఎందుకు సెప్పినావు, పెంటమ్మ కాపాడిందని."

"నిజం సెప్తే నీ ఇంటి కాల్లు కోసేత్తారు. నాకో కాలు పోయింది సాలు." కర్ర ముందుకు జరిపి దానివైపే చూశాడు. "ఆకర్న నీల్లిచ్చింది నువ్వే. అది కూడా నిజమే."

"నీ మంచితనం నా కాగితంలో ఒద్దు. నాను సెప్పేసేను. పెట్టె సదివి వినిపిత్తాది. విని, నిజమైతే సంతకం ఎట్టు. నేకపోతే నేదు."

పెట్టె మొదటి నుంచి చదివింది. దాలమ్మ తన మాటలు వచ్చినచోట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఐదో నమోదు చదువుతున్నప్పుడు తాతారావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అంతా అయ్యాక, ఏమైనా మార్పులున్నాయా అని అడిగింది పెట్టె.

"ఒకటుంది" అన్నాడు తాతారావు. "రెండుసార్లు అడిగేనని రాసినావు. రెండుసార్లు కాదు. నాలుగు."

నాకు రెండే గుర్తున్నాయి. అదే చెప్పాను.

"రెండోనాడు పొద్దున్న" అన్నాడు, వేళ్లు ముడుస్తూ. "మద్దినేల. మల్లీ సీకటి పడతన్నప్పుడు. మూడోనాడు తెల్లారి. సీకటి పడతన్నప్పుడు అడిగినప్పుడు నువ్వు ఇనపడనట్టు ఆ గోడేపు తిరిగి కూకున్నావు."

నాకు ఇప్పటికీ గుర్తు రాలేదు. గోడవైపు తిరిగి కూర్చుంటే గోడే గుర్తుండాలి, అదీ లేదు. కానీ దాహంతో ఉన్నది అతను. లెక్క అతనిదే నిజం.

"నాలుగని రాయి" అన్నాను పెట్టెతో.

రాసింది. తాతారావు సంతకం పెట్టాడు. పెట్టి, "మామ్మా, నీ పేరు స్తంభం మీదికి రావాలనే నా కోరిక. కానీ నాను మల్లీ నీ ఇంటికి రాను" అన్నాడు. సరే నాయినా అన్నాను.

కచేరీ వారికి నా ఆఖరి మాట. మనిషిని కాపాడినందుకని నా ఇంటిని పట్టీలో రాయవద్దు. ఎదురిల్లు ఉందని కూడా రాయవద్దు, లేదు. ఇవాళ్టితో నేనూ ఒప్పుకున్నాను. ఇక్కడ ఒక మనిషి ఉంది, పిలిస్తే గంట కొడుతుంది, ఇంట్లో తన కుండ తనే పెట్టుకుంటుంది, ఎవరు వచ్చినా తెరుస్తుంది. అందుకు రాయండి. చాలదనుకుంటే వేసవిలో కాళ్లు కోసేవాళ్లను పంపండి. వచ్చేముందు ఎవరి చేతనైనా కేక వేయించండి, తాళ్లు తీసుకోవడానికి నాకు ఒక పూట కావాలి.

పైన రాసింది నేను చెప్పిందే. చదివి వినిపించగా విన్నాను. ఐదో నమోదులో రెండుసార్లు అన్నచోట నాలుగుసార్లు అని చదువుకోవాలి.

నా బొటనవేలి గీతలు తాడుకు అరిగిపోయినందున ముద్ర పడలేదు. బదులుగా మా ఇంటి గుర్తు, రెండు అడ్డగీతలూ మధ్య చుక్కా, నా చేత్తో గీశాను.

సూరాడ పెంటమ్మ గుర్తు: — • —

సాక్షులు:
బడే దాలమ్మ, మెట్ట కాలనీ, మూడో అంతస్తు. వేలిముద్ర.
కారి తాతారావు, ఇదివరకు బెండ్ల పని. సంతకం.